మిలిటరీ గిన్నె కాడ

గుడియాత్తం దాటినాక కొండమీద ఉండే మిలిటరీ గిన్నె పేరెత్తితే, దీపాలు పెట్టే వేళ మా వీధి ఆడవాళ్ళు మాట మార్చేస్తారు. ఇల్లంత ఇనుప గిన్నె అది. మిలిటరీ వాళ్ళు వదిలేసి పోయినాక, వేలూరు నుంచి సైన్సు వాళ్ళు వచ్చి దాంతో నక్షత్రాల చప్పుడు వింటా ఉండారు. కానీ ఆడ కాపలా కాస్తా చచ్చిపోయిన సిపాయి ఒకడు ఇంకా డ్యూటీ దిగలేదంటారు...

మా ఊర్లోకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన కాలం. మా పక్కింటి పచ్చయమ్మ నాతో చెప్పిన సంగతి ఇది.

ఆమె మొగుడు అంజప్ప మేస్త్రి. గిన్నె కింద దిమ్మె కట్టే పనికి పోయినాడు. ఒకనాడు కూలోళ్ళంతా దిగొచ్చినారు, ఆయన రాలేదు. ముందు బస్సుకే పోయినాడనుకున్నామన్నారు. పొద్దు గూకింది. పచ్చయమ్మ ఒక్కతే కొండెక్కింది.

గేటు కాడ వాచ్‌మన్ ఏసుదాస్, అంజప్ప బయటికి పోయింది చూళ్ళేదన్నాడు. తోడు రమ్మంటే కదల్లేదు.

"నాకూ పెండ్లాం ఉండాది అక్కా," అని టార్చిలైటు చేతిలో పెట్టినాడు.

రంగేసేదానికని ఆ పొద్దు గిన్నెను లోయ వైపుకు వంచి పెట్టినారు. పైనుంచి చూస్తే ఆయన కనపడతాడేమోనని, దాని ముందర కట్టెలు నిలబెట్టి కట్టిన సారవ ఎక్కింది.

"పచ్చా..."

చెవి పక్కనే. ఊపిరి తగిలినంత దగ్గిర. తిరిగి చూస్తే — ఎవరూ లేరు.

గొంతు అంజప్పదే. కానీ చీకటి పడినాక ఒకటో పిలుపుకూ రెండో పిలుపుకూ పలకరాదు గదా. మూడోసారి పిలిచేది మనిషే, దెయ్యానికి చేతకాదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"పచ్చా..."

ఈసారి నీరసంగా. ఆ పైన ఏమీ లేదు... గాలి కూడా లేదు.

పలికితే తన ప్రాణం పోతుంది. పలక్కపోతే — ఆయనే అయితే?

దిగి పారిపోదామనుకుంది.

"పచ్చా."

గట్టిగా. ఆర్డరేసినట్టు.

"వస్తాండా," అనేసింది.

టార్చి వెలుగు లోయలోకి కొట్టింది. రాళ్ళు తీసిన గుంతలో, తెల్లగా చొక్కా. నీళ్ళకని దిగి జారిపడినాడు అంజప్ప. కాలు విరిగి, నెత్తురు పోతా ఉండాది. ఆమె అరుపుకు ఏసుదాస్ పరిగెత్తుకొచ్చినాడు. ఇద్దరూ మోసుకొని దించినారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని వేలూరు ఆస్పత్రిలో అన్నారంట.

ఆయన్ని చూసేదానికి సైన్సాయన సురేంద్రన్ వచ్చినాడు. గిన్నె లోయకు తిరిగి ఉంటే గుంతలో మూలిగినా దానికి తగిలి, ముందర నిలబడినోళ్ళ చెవిలో పడతాదని, దెయ్యమూ లేదు గియ్యమూ లేదని చెప్పినాడు. పచ్చయమ్మకు గుండె కుదుటపడింది. నవ్వింది కూడా.

సైన్సాయన పోయినాక మొగుడి తల నిమరతా, మూడోసారి అంత గట్టిగా పిలిచినావు గాబట్టే పలికినా అనింది.

అంజప్ప తల ఎత్తి ఆమె మొగంలోకి చూసినాడు.

"రెండుసార్లే గదే పిలిచింది... ఆ పైన నాకు తెలివి లేదు."