దేవుడి గూట్లో బిస్కెట్ డబ్బా

అమ్మవారికి ఇష్టమైన ఆడి నెలలో శుక్రవారం వచ్చిందంటే సుగంధికి కాలు నిలవదు. తెల్లారకముందే తలంటుకుని, వాకిట్లో ముగ్గేసి, దేవుడి గూటి ముందు చేరింది. పటాలన్నిటికీ కనకాంబరాలు పెట్టింది. చివరికి గూటి మూలనున్న పాత బిస్కెట్ డబ్బాకి కూడా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుంది.

హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్న ఆమె అత్త కుప్పమ్మాళ్‌కి నవ్వాగలేదు. ఎనభై ఏళ్ల మనిషి, పొలమారుతుందేమోనని గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుకుంది.

ఎనిమిదేళ్లుగా ఆ డబ్బా పూజలందుకుంటోంది. కోసపాళయం అద్దె ఇల్లు వదిలి, కదిర్కామంలో కొడుకు కట్టిన ఈ ఇంటికి వచ్చేటప్పుడు సామాను సర్దుతూ ముకుందన్ దాన్ని తల్లి ట్రంకు పెట్టె అడుగున చూశాడు. మూత తీస్తే నిండా నూలు దారాలు, ఒక్కో దారానికీ నాలుగైదు ముడులు. "అమ్మ మన కోసం ఎన్ని మొక్కులు మొక్కిందో చూడు, అన్నిటికీ ముడుపు కట్టి దాచుకునుండాది" అంటూ కళ్లు తుడుచుకుని పెళ్లాం సుగంధికి అందించాడు. కుప్పమ్మాళ్ అసలు సంగతి చెప్పబోయింది. అంతలో వాకిట్లో పాత సామాన్ల బండి కనిపించి నోరు మూసుకుంది. ట్రంకులో ఉంటే ఏదో ఒక రోజు ఆ బండెక్కుతుంది. దేవుడి పక్కన ఉంటే ఎవరూ పారెయ్యరు.

వరండాలో ఉన్న కుట్టు మిషనుకి ఆ రాత లేకపోయింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమె దాని మీద కుట్టడం మానేసి పన్నెండేళ్లు. అయినా రోజూ పొద్దున్నే పైన కప్పిన దుప్పటి తీసి, తుడిచి, రెండు చుక్కలు నూనె వేసి, కాలితో తొక్కుడు పలక ఒకసారి ఆడించి మళ్లీ కప్పేది. ఆ టకటక వినకపోతే ఆమెకి తెల్లవారినట్టే ఉండదు.

"అమ్మా, పదింటికి గుణశేఖర్ వ్యాను తెస్తాడు. మిషిన్ కోసం. నిన్న మాట ఇచ్చేసినా" అన్నాడు ముకుందన్, పేపరులోంచి తలెత్తకుండా. ప్రభుత్వ ఉద్యోగం నుంచి ఈ మధ్యే రిటైరయ్యాడు. ఆఫీసు లేకపోయేసరికి ఇల్లంతా చక్కదిద్దాలని పట్టుదల పట్టాడు.

"వానికెందుకురా మిషిను?"

"బీచ్ పక్కన కాఫీ అంగడి పెడతా ఉండాడు కదా. తలకాయ పీకేసి, ఇనప స్టాండు మీద పాలరాయి వేసి టేబుల్ చేస్తాడంట. ఫారిన్ వాళ్లు దాని మీద కాఫీ పెట్టుకోని ఫోటోలు తీసుకుంటారు. సుమ్మా, ఊరికే పడుండే దానికి ఒక మర్యాద."

"తలకాయని ఏం చేస్తాడు?"

ముకుందన్ పేజీ తిప్పాడు. కుప్పమ్మాళ్‌కి మిగతా కాఫీ సహించలేదు.

నేల మీద చార్టు పరుచుకుని మనవరాలు అనుప్రియ ఫోటోలు అంటిస్తోంది. కాలేజీలో చరిత్ర చదువుతోంది. ఆగస్టు పదహారున వాళ్ల కాలేజీలో ప్రదర్శన. ఫ్రెంచివాళ్ల పాండిచ్చేరి కాగితాల మీద కూడా మన దేశంలో కలిసిన పంతొమ్మిది వందల అరవై రెండు ఆగస్టులో, ఆ రోజు ఎవరింట్లో ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ సినిమాకి పోయారు అని ఒక్కొక్కరూ ఒక్కో చార్టు తేవాలి. అనుప్రియ చార్టు నడుమ తాత ఆదికేశవన్ కోటు వేసుకున్న ఫోటో ఉంది. పక్కన ముకుందన్ చెప్పి రాయించిన నాలుగు మాటలు ఉన్నాయి: తాత భూములున్న వంశం, జెండా పండగ చూశారు, కొడుకు బడిలో చేరే రోజున పెద్దంగడి నుంచి నీలం గళ్ల చొక్కా తెచ్చారు. ఆ చొక్కా కథ ముకుందన్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాయన గురించి మాట్లాడితే అక్కడికే వచ్చి ఆగుతాడు.

"అవ్వా, ఆ దినం నువ్వు యాడున్నావు?" అంది అనుప్రియ.

"నేనా? ఆ వారమంతా సినిమాకొట్టాయిలోనే ఉంటి. మ్యాట్నీ."

"జెండా పండగ పెట్టుకోని సినిమానా! ఏం కథ అవ్వా?"

"కథ ఎవురు చూసినారే? నేల టిక్కెట్టులో కూర్చోని కథానాయిక జాకెట్ చూస్తి. బుట్ట చేతులు, ముందర మెడ మూసి, వెనకాల వీపు మీద పడవ మాదిరి మెడ. ఆమె ఎదురుగా తిరిగి ఏడిస్తే అందరూ ఏడుస్తారు. నేను మాత్రం 'వెనక్కి తిరగవే తల్లీ, మెడ చూడాల' అని కాసుకోని ఉంటి. నాలుగు దినాలు వరసగా పోతే గానీ ఆ వీపు కత్తిరింపు నా చేతికి రాలే."

అనుప్రియ పెన్ను మూత తీసింది. "చెప్పు, చెప్పు! ఇదే రాస్తా!"

"అనూ." ముకుందన్ పేపరు మడిచాడు. "అవన్నీ వద్దు."

"ఎందుకప్పా? ఇదే కదా వాళ్లడిగింది?"

"వద్దంటే వద్దు. కాలేజీలో అందరి ముందర మా అవ్వ ఊరోళ్లకి జాకెట్లు కుట్టింది అని పెడతావా? పట్టాభిరామన్ సార్ కూతురు కూడా నీ క్లాసే కదా, ఎదురింటికి తెలిస్తే ఈ వీధంతా తెలుస్తాది."

వంటింటి గుమ్మంలో సుగంధి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"తెలిస్తే ఏంది?" అంది కుప్పమ్మాళ్ మెల్లగా.

"నీకు తెలీదమ్మా. ఆరో క్లాసులో నాకు పేరు పెట్టినారు. తైయల్‌కారి కొడుకు, తైయల్‌కారి కొడుకు అని, కుట్టుపనామె కొడుకు అని, బడి గేటు దగ్గర్నించి ఇంటిదాకా అరుస్తా వచ్చేవాళ్లు. నాయన పేరు చెప్పుకోని తల ఎత్తుకున్నా నేను. ఉద్యోగంలో యాడా ఈ మాట రానియ్యలే. ఇప్పుడు రిటైరయినాక రావాల్నా?"

"నాకు తెలీదంటావా? ఆ అరుపులు నా జతగా కుట్టే పాప్పా ఇంట్లో ఈ మిషిన్ పెట్టుకోని తొక్కతా ఉంటే కిటికీలోనించి నాకూ వినపడేవి. తైయల్‌కారి కొడుకు. ఏం, అది అబద్ధమా?"

ముకుందన్ ముఖం ఎర్రబడింది. "అందుకే చెప్తా ఉండా. ఆ మిషిన్ పోతే ఈ మాటా పోతాది."

కుప్పమ్మాళ్ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఈ అరవై ఏళ్లలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచలేదు. నేరుగా దేవుడి గూటి దగ్గరికి నడిచి బిస్కెట్ డబ్బా మీద చెయ్యి వేసింది.

"అత్తా! స్నానం కాలేదు మీకు! ముడుపులు!" సుగంధి పరుగున వచ్చింది.

"ముడుపులు కావే సుగంధీ. ఇన్నేళ్లు నువ్వు దీపం పెట్టేది నా కొలతలకి."

డబ్బా తెచ్చి నేల మీద, సరిగ్గా భర్త ఫోటో పక్కనే చార్టు మీద బోర్లించింది. దారాలన్నీ కుప్పగా పడ్డాయి. ఒక్కో దారం కొసన గోరంత గుడ్డ ముక్క కట్టి ఉంది. ఒకటి ఆకుపచ్చ, ఒకటి చుక్కల చీటీ గుడ్డ, ఒకటి వెలిసిపోయిన పట్టు.

"నాకు రాత రాదు. టేపు కొనుక్కునే కాలం కాదు. ఈ కొస మెడకి ఆనిస్తే మొదటి ముడి భుజం. రెండోది ఛాతీ చుట్టు. మూడోది నడుము. జంట ముడి చెయ్యి పొడుగు. వాళ్లు మొదట కుట్టించుకున్న గుడ్డలో ముక్క కట్టి పెడితే అదే పేరు." ఆకుపచ్చది వేళ్లతో నిమిరింది. కళ్లు మూసుకునే ఉంది. "ఇది లోగనాయకి. టెలిఫోన్ ఆఫీసులో పని. ఎడం భుజం వేలెడు దిగి ఉంటాది, దానికి ఇక్కడ చిన్న ముడి. నేను కుట్టిన జాకెట్‌లో ఆ వంకర ఎవురికీ కనపడలే."

అనుప్రియ నోరు తెరుచుకుని వింటోంది. సుగంధి గరిటె ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు.

"జెండా పండగకి అందరికీ ఆ కథానాయిక జాకెట్టే కావాల. పాప్పా కాజాలు తీసె, నేను కుట్టితి. ఇరవై మూడు. జెండా ఎక్కే దినం నేనూ బీచ్‌కి పోయినా. జనం అంతా తల ఎత్తి జెండా చూస్తా ఉండారు. నేను వెనకాల నిలబడి వీపులు చూస్తి. ఇరవై మూడు వీపులు, ఒక్క మెడ ముడత లేదు. మీ తాత ఆ గుంపులో యాడున్నాడో నేను చూడనే లే. అప్పటికింకా పెండ్లి కాలే కదా. పద్దెనిమిదేండ్ల దాన్ని. ఈ ఊరు నేను కుట్టింది కట్టుకోని పండగ చేసుకుంటా ఉండాది అనుకుంటే, ఏడుపొచ్చింది నాకు."

ఇప్పుడూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు సిగ్గుతో వచ్చినవి కావు. ముకుందన్ ఆ సంగతి గమనించాడు, చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చూపు దారాల కుప్ప మీద పడింది. అన్నిటికంటే పొట్టి దారం ఒకటి పక్కకి జారి ఉంది. దాని కొసన నీలం గళ్ల గుడ్డ.

అతని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. తీసుకుని చూశాడు. ముడికీ ముడికీ మధ్య జానెడు కూడా లేదు.

"ఇది... ఇది ఎవరిదమ్మా?"

కుప్పమ్మాళ్ చార్టు మీద కోటు వేసుకున్న భర్త ఫోటో వైపు, అనుమతి అడుగుతున్నట్టు ఒకసారి చూసింది.

"మీ నాయన మంచోడురా. పొలాలు ఆయన చేతికి రాకముందే పోయినాయి, పేరొకటే మిగిలింది. నిన్ను బడిలో వేసే దినం వట్టి చేతులతో వాకిట్లో తల వంచుకోని కూర్చోనుండె. నేను కుట్టిన చొక్కా మడత పెట్టి, ఆయన చేతికిచ్చి, నువ్వే అంగడి నుంచి తెచ్చినట్టు ఇయ్యి అన్నా. బిడ్డకి నాయన పెద్దగా కనపడాల కదా. నువ్వు ఆ చొక్కా వేసుకోని, రొమ్ము విరిచి, ఎంత నెట్టగా నడిచినావో. నాకది చాలు, పేరెందుకు?"

ముకుందన్, అరవై ఏళ్ల మనిషి, ఆ పొట్టి దారాన్ని అరచేతిలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తల ఎత్తుకుని తిరగడానికి తాను ఇన్నాళ్లూ చెప్పుకున్న ఒకే ఒక్క కథ, తాను వదిలించుకోవాలనుకున్న ఆ మిషను మీదే కుట్టినదని అతనికి తెలిసింది.

బయట వ్యాను హారన్ మోగింది.

గుణశేఖర్ గేటు తీసుకుని లోపలికొచ్చి, మిషను మీద దుప్పటి లాగి, స్టాండు ఇనుము వేలితో కొట్టి చూశాడు. "మంచి పీసు సార్. ఎత్తమందామా?"

ముకుందన్ కళ్లు కూడా తుడుచుకోకుండా వరండాలోకి వచ్చాడు. దుప్పటి గుణశేఖర్ చేతిలోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

"మన్నించు గుణశేఖర్. ఇది ఇచ్చేది లేదు. మాట తప్పినానని చెప్పుకో, పరవాలేదు."

"ఏమైంది సార్? సుమ్మా పడుండే మిషినే కదా?"

"మా అమ్మది. దీని మీద ఈ ఊరికి జాకెట్లు కుట్టి నన్ను చదివించింది. నేను తైయల్‌కారి కొడుకుని."

ఆ మాట అతను ఎదురింటికి వినబడేలా అన్నాడు. ఎదురు వాకిట్లో మొక్కలకి నీళ్లు పోస్తున్న పట్టాభిరామన్ గారు పైపు అలాగే పట్టుకుని ఇటు చూశారు. నీళ్లు ఆయన కాళ్ల మీద పడుతున్నాయి. లోపల హాల్లో కుప్పమ్మాళ్ ఆ మాట విని కొంగుతో ముఖం కప్పుకుంది.

వ్యాను వెళ్లిపోయింది. అనుప్రియ అప్పటికే తాత ఫోటో కొంచెం పక్కకి జరిపి, చార్టు నడుమ చోటు చేసి, ఇరవై మూడు వీపుల కథ రాయడం మొదలుపెట్టింది. సుగంధి దారాలన్నీ ఒక్కటొక్కటిగా చిక్కు తీసి డబ్బాలో సర్దింది. సర్దాక ఏం చెయ్యాలో తెలియక అత్త ముఖం చూసింది.

"యాడ పెట్టేది అత్తా ఇంక దీన్ని?"

"దాని చోట్లోనే పెట్టవే. ఇన్నేళ్లు పెట్టిన కుంకుమ ఊరికే పోవాల్నా?"

అప్పుడు వచ్చాడు ముకుందన్, నూలు దారపు ఉండ చేత్తో పట్టుకుని. తల్లి ఎదుట నిలబడి దారం ఆమె చేతికిచ్చాడు. "నాకు కొలత తియ్యి అమ్మా. పాత కొలత చాలదు ఇప్పుడు."

కుప్పమ్మాళ్ దారం కొస అతని మెడకి ఆనించింది. చూపు మసకైనా వేళ్లకి దారి తెలుసు. భుజం దగ్గర మొదటి ముడి వెయ్యబోయి ఆగి, కొడుకు వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది.

"ఇట్ల వంగితే నేనెట్ల కొలిచేది? నెట్టగా నిలబడరా."

ముకుందన్ నెట్టగా నిలబడ్డాడు.