ట్యాగు వెనక తేదీ

కోడలు మిషను కింద దారప్పోగులు ఊడుస్తోంది. రోజూ అత్తగారు కుట్టుకు కూర్చునేలోగా ఆ పని అయిపోవాలి. పోగులు చుట్టుకుంటే మిషను బిగుసుకుంటుంది, ఆ బిగువు సాయంత్రందాకా ఆవిడ మాటల్లో వినిపిస్తుంది. కోడలు పోగులన్నీ ఒక పక్కకి చేర్చి, అయస్కాంతం ముక్కతో గుండుసూదులు ఏరి డబ్బాలో వేసింది. చేతులు కడుక్కుని కిటికీ దగ్గరి బల్ల ముందు కూర్చుంది.

బల్ల మీద అరచేతి పొడవు అట్టముక్క ఉంది. పై మూలలు రెండూ ఏటవాలుగా కోసి, మధ్యలో రంధ్రం చేసి, దారం పోయేలా దానికి ఇత్తడి రింగు బిగించింది. ఆమె పనిచేసేది పుస్తకాల బైండింగు షాపులో. అట్టా, జిగురూ ఆమెకు కొత్త కాదు. అట్ట మీద పాత దేశపటం చింపి అంటించి, పైన పల్చగా తెల్లరంగు పూసింది. కొండలూ నదులూ మంచులోంచి చూసినట్టు కనిపిస్తున్నాయి. దాని మీద జెండాలోని మూడు రంగులూ వచ్చేలా మూడు గుడ్డ పీలికలు పేర్చి, అంచులకు జిగురు రాస్తోంది.

టౌన్‌హాలు ఆవరణలో సైనికుల కోసం కొత్తగా ఒక గోడ కట్టారు. తిరిగి రాని ప్రతి సైనికుడికీ ఇంటివాళ్ళే చేత్తో ఇలాంటి అట్ట ట్యాగు ఒకటి చేసి తేవాలి. ముందు జెండా రంగులు, వెనక పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఈ రోజు మధ్యాహ్నంలోగా ఇస్తేనే గోడకు కడతారు. కోడలు వారం రోజులు షాపులో భోజనం వేళ చాటుగా చేసుకుంది. గుడ్డ మాత్రం ఇంట్లోనే తీసింది.

అత్తగారు టీ గ్లాసుతో వచ్చి బల్ల దగ్గర ఆగింది. ట్యాగు ఎందుకో అడగలేదు. గోడ సంగతి వీధంతటికీ తెలుసు.

"ఆ ఆకుపచ్చ గుడ్డ ఎక్కడిది?"

"పీలికల్లోది అత్తయ్యా."

"ఏ పీలికల్లోది? మూల సంచీలోదా, నా కుర్చీకి తగిలించిన సంచీలోదా?"

కోడలి చెయ్యి ఆగింది. "కుర్చీ సంచీలోదే. అందులోనూ అన్నీ ముక్కలేగా."

"ముక్కలు కావు. కత్తిరించి పెట్టిన చొక్కా. నువ్వు కోసింది దాని ఎడమ చెయ్యి."

ఎవరి చొక్కా అని కోడలు అడగలేదు. మనిషి ఎదురుగా నిలబడితే తప్ప అత్తగారు భుజాలు కుట్టదు. ఎంత తెలిసిన ఒళ్ళయినా సరే, టేపు వేసి చూశాకే సూది దింపుతుంది. సెలవు దొరికిందని కొడుకు చెప్పిన రోజే ఆవిడ ఆ గుడ్డ కత్తిరించి ఉంటుంది. వచ్చాక కొలుద్దామని ఆపి ఉంటుంది. రెండేళ్ళ కిందట, ఆ సెలవుకు రెండు రోజుల ముందు సైన్యంలో అతను ఎక్కిన వాహనం నదిలో పడింది. ముగ్గురు దొరికారు. అతను దొరకలేదు.

"తెలియక కోశాను. క్షమించండి."

"చొక్కా సంగతి సరే. గుడ్డ మళ్ళీ కొనుక్కోవచ్చు. వెనక ఏం రాస్తావు?"

"పేరు. తేదీలు."

"రెండో తేదీ ఎక్కణ్ణించి తెస్తావు?"

"సైన్యం పంపిన కాగితంలో ఉంది."

"కాగితంలో కనిపించలేదని ఉంది."

"అది మొదటి కాగితం. రెండోదాంట్లో మరణించినట్టు భావిస్తున్నామని ఉంది. మీరే మడిచి బీరువాలో పెట్టారు."

"భావించడానికి వాళ్ళెవరు? కన్నది నేను."

"కట్టుకున్నది నేను."

అత్తగారు టీ గ్లాసు మిషను మీద పెట్టింది. ఎన్నడూ అక్కడ పెట్టదు. "నీకంత తొందరగా ఉంటే నీ దారి నువ్వు చూసుకో. ఎవరు ఆపారు? వాణ్ణి గోడకెక్కించి వెళ్ళనక్కర్లేదు."

కోడలు తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. "రెండేళ్ళలో ఒక్కరోజు నా దారి గురించి మాట్లాడానా? ఇది నా కోసం కాదు. నమ్మకపోతే పిచ్చుకని అడగండి."

పిచ్చుక అంటే మనవరాలు. ఎనిమిదేళ్ళది. దువ్వెన పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది, ఎంతసేపైందో తెలియదు.

"ఏం అడగాలే నిన్ను?" అంది అత్తగారు.

"అమ్మ చెప్పొద్దంది."

"ఇప్పుడు అడగమంటోందిగా. ఎప్పుడూ వాగే నోటికి ఇవాళేమయింది?"

పిచ్చుక దువ్వెన పళ్ళ మీద గోరు గీస్తూ చెప్పింది. "బళ్ళో ఫొటో తీశారు నానమ్మా. నాన్నలు సైన్యంలో ఉన్నవాళ్ళు ఇటు నిలబడండి, నాన్నలు చనిపోయినవాళ్ళు అటు నిలబడండి అన్నారు. ఇటు వెళ్తే మీ నాన్న ఎక్కడున్నాడో చెప్పు అని పిల్లలు నవ్వారు. అటు వెళ్తే నువ్వు తిడతావు కదా."

"మరి ఎక్కడ నిలబడ్డావు?"

"తలుపు దగ్గర. మేడమ్ చూస్తే, మంచినీళ్ళకి వెళ్తున్నానని చెప్పా."

"ఫొటోలో?"

"లేను."

అత్తగారు పిల్లను దగ్గరకు పిలిచి జడ వేసింది. మామూలుగా అయితే జుట్టు పీచులా ఉందని నాలుగు మాటలంటుంది. ఈసారి జడ చివర రిబ్బను మూడుసార్లు ముడివేసి, విప్పి, మళ్ళీ వేసింది.

తర్వాత బల్ల దగ్గరకొచ్చి ట్యాగు చేతిలోకి తీసుకుంది. ఆకుపచ్చ పీలికను వేలితో తడిమింది.

"జిగురు నిలవదు. ఎండకి లేచిపోతుంది. కుట్టాలి."

"అట్ట చిరుగుతుందేమో అత్తయ్యా."

"దగ్గర కుట్టు వేస్తే చిరుగుతుంది. దూరంగా వేస్తే ఏం కాదు."

మిషను మీది గ్లాసు తీసి కింద పెట్టి, కూర్చుంది. మిషను పాదం కింద ట్యాగు పెట్టి చేత్తోనే చక్రం తిప్పింది. సూది ఒక్కొక్క కన్నమూ చూసుకుంటూ దిగింది. మూడు పీలికల చుట్టూ కుట్టు తిరిగేసరికి అరగంట పట్టింది. పిచ్చుక పక్కనే నిలబడి చూసింది. చివర ఆవిడ దారం పళ్ళతో కొరికి, ట్యాగు వెనక్కి తిప్పి కోడలి ముందు పెట్టింది.

"రాయి."

కోడలు పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది. పెన్ను ఆగింది.

"కాగితంలో తేదీ వద్దు," అంది అత్తగారు. "అది వాళ్ళు వెతకడం మానేసిన రోజు. వాడు ఆఖరున ఫోన్ చేసిన రోజు రాయి. చొక్కా మెడ దగ్గర బిగువుగా కుట్టకు, ఊపిరాడదు అన్నాడు. ఆ రోజుదాకా వాడున్నాడని నాకు తెలుసు. ఆ తర్వాతది నాకు తెలియదు."

కోడలు ఆ తేదీ రాసింది. చివరి అంకె దగ్గర సిరా కొంచెం పాకింది. అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, అది ఆరేదాకా అలాగే ఉంచింది.

"నేను ఇచ్చి వస్తాను అత్తయ్యా. మీరు అంత దూరం నడవలేరు."

అత్తగారు ట్యాగును చెయ్యిరుమాలులో మడిచి గుండెకు ఆనించి పట్టుకుంది. రెండో చెయ్యి పిచ్చుక వైపు చాపింది. ఎప్పుడు గడప దాటినా ఇప్పుడే వస్తానని చెప్పే మనిషి, ఈసారి ఆ మాట అనకుండానే మెట్లు దిగి మనవరాలితో టౌన్‌హాలు వైపు వెళ్ళిపోయింది.