నలభై ఒకటో ఫోన్

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు లిఫ్టుల కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్లకు ఏ జబ్బు చేసినా అందరూ తీగల మేస్త్రీనే పిలుస్తారు. మేస్త్రీ తిట్టుకుంటూ లేచాడు. ఆరేళ్ల కూతురు చిట్టి జుట్టు విరబోసుకుని తల్లి ముందు కూర్చుని ఉంది. "గంటలో వచ్చేస్తా" అని చెప్పి బయల్దేరాడు.

ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే ఆవిడ ఒక్కతే ఉంది. ఆ కంపెనీ లిఫ్టుల్లో గోడకు ఎర్ర ఫోన్ ఉంటుంది. ఇరుక్కున్నవాళ్లు మీట నొక్కితే ఆవిడ బల్ల మీద మోగుతుంది.

"పొద్దుట్నించీ ఇదే గోల మేస్త్రీ. తెర మీద నలభై ఒకటో నంబరు అర నిమిషానికోసారి ఎర్రగా వెలుగుతోంది. కనెక్షన్ కుదరలేదంటుంది. తీరా చూస్తే నా జాబితాలో ఆ నంబరే లేదు."

"లేని నంబరు వెలగడమేంటక్కా, నీకు కళ్లజోడు మార్చాలి" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ నంబరు తీసేసింది అతనే.

రెండేళ్ల కిందటి మాట. నలభై ఒకటి ఒక పాత భవనం లిఫ్టులోని ఫోన్, మాటిమాటికీ తెగిపోయేది. మూడుసార్లు వచ్చాడు, రౌటర్ మార్చాడు, తీగ మార్చాడు. నాలుగోసారి విసుగెత్తి తనకు అలవాటైన చిట్కా వాడాడు. పలకని నంబరును చెరిపేస్తే ఎర్ర లైటు పోతుంది, తెరంతా పచ్చగా కళకళలాడుతుంది. కాగితం మీద 'సరిచేశాను' అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ శనివారం సాయంత్రమే, ఆ భవనం ఊడ్చే అవ్వ లిఫ్టులో ఇరుక్కుంది. సోమవారం గానీ తలుపులు తెరవలేదు, అప్పటికే ప్రాణం పోయింది. మీట నొక్కీ నొక్కీ ఆమె వేలి గోరు ఊడిపోయిందట. లిఫ్టు పాతదన్నారు, కరెంటుదే తప్పన్నారు. ఫోన్ ఎందుకు మోగలేదని ఎవరూ అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు. తరవాత ఆ భవనాన్నే కూలగొట్టారు.

ఫోన్లను నడిపే యంత్రాల గదికి కిటికీ లేదు. ఫ్యాన్ల రొద, వేడెక్కిన దుమ్ము వాసన. దాని వెనకే సన్నగా మరో వాసన... తలనూనె వాసన.

ఇంటర్నెట్ తీగ పీకి చూశాడు. తెర మీద నంబర్లన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి.

నలభై ఒకటి ఆరలేదు.

తీగ మళ్లీ పెట్టాడు. రెండేళ్ల కిందట చెరిపేసిన నంబరును తిరిగి ఎక్కించాడు. అడిగింది ఇచ్చేస్తే వదిలిపోతుందేమోనని ఆశ. ఎర్ర లైటు పచ్చగా మారింది.

వెంటనే ఆ గదిలోని ఫోన్ మోగింది.

ఎత్తాడు. ఎవరో ఆయాసంగా ఊపిరి పీలుస్తున్నారు. ఆ తరవాత ముసలి గొంతు. "ఎవరన్నా ఉన్నారా బాబూ..."

"ఉన్నా... ఉన్నానవ్వా..."

"ఎవరన్నా ఉన్నారా..."

అటు మాట ఇటు వస్తోంది. ఇటు మాట అటు చేరడం లేదు. ఫోన్ల పనిలో రోజూ చూసే జబ్బే ఇది, మందూ తెలుసు. ఒక సెట్టింగు మార్చాడు. ఇంకోటి మార్చాడు. వరసగా తెలిసినవన్నీ మార్చాడు. లాభం లేదు.

అప్పుడు వినబడింది, ఏడుపు. చిన్నపిల్ల ఏడుపు.

"నాన్నా..."

"ఊరుకో తల్లీ" అంది ముసలి గొంతు. "ఇలా కూర్చో, జడ వేస్తా. మీ నాన్న ఎత్తుతాడులే."

అది చిట్టి గొంతే. మేస్త్రీ రిసీవర్ భుజానికి అదిమిపట్టి, సెల్లులో భార్యకు చేశాడు.

"చిట్టి ఏదీ?"

"ఒక జడ వేశానో లేదో, ఆడుకుంటానని కిందికి పారిపోయింది. ఏమండీ, మీ గొంతేంటి అలా ఉంది?"

"లిఫ్టు చూడు! ముందు లిఫ్టు చూడు!"

చెప్పుల చప్పుడు. తలుపు బాదిన చప్పుడు. "మధ్యలో ఆగిపోయిందండీ! పిలుస్తుంటే పలకడం లేదు..."

అతని కేకలు విని వచ్చిన ఫోన్లావిడ, చిరునామా అడిగి, లిఫ్టు మెకానిక్కులను పరుగెత్తించింది. మేస్త్రీ మాత్రం కదల్లేకపోయాడు. రిసీవర్ పెట్టేస్తే ఆ ఏడుపు తెగిపోతుంది. పెట్టకపోతే బిడ్డ దగ్గరికి వెళ్లలేడు.

"చిట్టీ! నాన్నని... వినబడుతోందా?" గొంతు పోయేలా అరిచాడు. "అవ్వా, తప్పు నాదే. నేనే చెరిపేశాను. నీకు దణ్ణం పెడతా, దాన్నేం చెయ్యకు..."

ఫోన్లావిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. అతను చూసుకోలేదు.

ఏడుపు ఆగిపోయింది. దువ్వెన జుట్టులో దిగుతున్న చప్పుడు... మెల్లగా... మెల్లగా...

టక్కున లైను తెగింది.

ఇల్లు చేరేసరికి తలుపులు తెరిచేశారు. చిట్టి తల్లి ఒళ్లో కూర్చుని నీళ్లు తాగుతోంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మేస్త్రీ దాన్ని గుండెలకు హత్తుకుని అందరి ముందూ భోరుమన్నాడు.

"ఏడవకు నాన్నా. నువ్వు అరిచిందంతా వినబడింది, ఎర్ర ఫోన్లోంచి."

"మరి... పలకలేదేం తల్లీ?"

"అవ్వ వద్దంది. ఎంత పిలిచినా పలక్కపోతే ఎలా ఉంటుందో మీ నాన్నకీ తెలియనీ అంది."

మేస్త్రీ తలెత్తి లిఫ్టులోకి చూశాడు. ఆ లిఫ్టు ఈ కంపెనీది కాదు. అందులో ఏనాడూ ఫోన్ లేదు. నున్నటి రేకు గోడ, అంతే.

"ఏమండీ" అంది భార్య, గొంతు తగ్గించి. "నేను ఒక్క జడే వేశాను."

చిట్టికి రెండు జడలున్నాయి. రెండోది బిగుతుగా, నూనె కారుతూ ఉంది. విప్పబోతే, అల్లికలో గట్టిగా ఏదో వేలికి తగిలింది. బయటికి లాగాడు.

గోరు.

మేస్త్రీ కూతురి చేతులు రెండూ పట్టుకుని ఒక్కో వేలే చూశాడు. పదికి పది గోళ్లూ ఉన్నాయి.