మూడోసారి పలికిన గొంతు

గడప ముందు కల్లుకుండ చూసి కనక నెత్తిమీది కాఫీపళ్ల గంప దించడం కూడా మరిచిపోయింది.

అది తాగడానికి తెచ్చిన కుండ కాదు. మూతికి మావిడాకులు కట్టి, మెడకు పసుపుతాడు చుట్టి ఉంది. ముంతగుడలో అలాంటి కుండ గడపకు ఎదురుగా పెట్టారంటే ఒకటే అర్థం, ఈ ఇంటి పిల్ల మాకు కావాలని. ఇంట్లోవాళ్లు ఎత్తి లోపల పెడితే ఒప్పుకున్నట్టు. ఎత్తకపోతే తెచ్చినవాళ్లే నోరు మూసుకుని పట్టుకుపోవాలి.

అరుగు మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన పెద్దవాడు, చుట్ట కాలుస్తున్నాడు. రెండోవాడికి పాతికేళ్లుంటాయేమో. కొత్త చొక్కా, మోకాళ్లదాకా బురద. కనకను చూడగానే లేచి నిలబడి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఎవురు మీరు?" అంది కనక.

"సెప్పేనా సోంబరు మావా? గొంతు అదే!" అన్నాడు కుర్రాడు, పెద్దాయనవైపు తిరిగి.

"ఏ గొంతు? నానెప్పుడు మాటాడేను నీతోటి?"

"అదేటి కనకా, పొద్దున్నే కదా! డొంకరాయిలో బస్సెక్కేనంటే జాగర్తగా రా ధర్మా అన్నావు."

కనకకు ఒళ్లు మండింది. "పొద్దున్న నాను కాఫీ తోటలో ఉన్నాను. అక్కడ సిగ్నలే రాదు. ఏ సారా కొట్టులోంచి వచ్చేరు మీరు?"

ధర్మ నవ్వు సగంలో ఆగింది. జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

"చెప్పు ధర్మా," అంది ఫోను. "చేరేవా? చలిగా ఉందా? మీ మావ చుట్ట మానలేదా ఇంకా?"

అచ్చం కనక గొంతే. మాట చివర కాస్త సాగదీసే అలవాటూ తనదే. ఆ మాటలు మాత్రం ఆమె జన్మలో అనలేదు.

అప్పుడే లోపల్నుంచి చిట్టి అవ్వ కర్ర తాటించుకుంటూ వచ్చింది. అవ్వకు చూపు ఆనదు. ఫోనువైపే తిరిగి, "కనకా, వచ్చేవేటే?" అని అడిగింది.

"వచ్చేనవ్వా," అంది ఫోను.

వాకిట్లో నిలబడ్డ కనక నెత్తిమీది గంప దబ్బున దించేసింది.

సంగతి ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. రెండేళ్ల కిందట పాడేరులో, గోడలకు స్పాంజి అంటించిన గదిలో, నలభై రోజులు కూర్చుని ఆమె వాక్యాలు చదివింది. కొండరైతుల కోసం 'కొండచెల్లి' అని ఓ ఫోన్ లైను. కాఫీకి పురుగు పట్టినా, మిరియాల పాదు ఎండినా ఫోన్ చేసి అడిగితే మిషను జవాబు చెబుతుంది, కనక గొంతుతో. సంతలో ఆడవాళ్లు "ఇదిగో కొండచెల్లి!" అని బుగ్గ గిల్లితే ఆమెకు సరదాగానే ఉండేది. అబద్ధమెందుకు, కాస్త గర్వంగా కూడా ఉండేది.

"అది మిషను. నాను కాదు," అంది ధర్మతో.

"మిషనని మొదట నాకూ తెలుసు. నానేటి సంటిపిల్లోడినా? కానీ పిడుగంటే బయమని ఏ మిషను సెప్తాది? తెల్లకోడికి మేడమని పేరెట్టేనని ఏ మిషను సెప్తాది?"

సరిగ్గా అప్పుడే మేడమ్ కొక్కొక్కొమంటూ అరుగు ముందునుంచి నడిచిపోయింది.

కనక అరుగు మీద కూలబడింది. పిడుగు సంగతీ, కోడి సంగతీ ఆమె ఒక్క ఏంజెలిన్‌కే చెప్పింది. ఏంజెలిన్ ఆ గదిలో రికార్డింగు చూసుకునే అమ్మాయి. ఇద్దరూ టీ తాగుతూ వాగిన వాగుడది. మైకు ఆపలేదన్నమాట, అదంతా మిషనుకెక్కింది.

"మాయమ్మ పోయి ఏడాదయింది," అన్నాడు ధర్మ నేలచూపులు చూస్తూ. "ఇంటికాడ మాటాడే మడిసి లేడు. తిన్నావా అని అడిగింది ఈ గొంతొక్కటే. మిషను ఎనకాల ఎవురో ఆడగుంట కూకుని మాటాడతందనుకున్నాను. పేరడిగితే కనకంది, ఊరడిగితే ముంతగుడంది. అయినా అనుమానం తీరక మన ఆచారం పెకారం మూడుసార్లు అడిగేను, నన్ను సేసుకుంటావా అని. మూడుసార్లూ సరే అంది."

చిట్టి అవ్వ కర్ర ఆగిపోయింది.

"మూడోసారీ పలికిందా?"

"పలికిందవ్వా."

అవ్వ చిన్నప్పట్నుంచీ కనకకు నూరిపోసిన మాట ఒకటుంది. అడవిలో దెయ్యం మనిషి గొంతుతోనే మాట్లాడుతుంది, కానీ రెండుసార్లకు మించి పలకలేదు. మూడోసారి పలికిందంటే మనిషే. తాతలనాటినుంచీ ఆ కొండల్లో మనిషిని పోల్చుకునే గుర్తు అదొక్కటే.

"మా మాటా అదే, అప్పా," అన్నాడు సోంబరు అవ్వతో, చుట్ట ఆర్పి. "మూడు సరేలంటే మాటిచ్చినట్టే. మీరు కుండెత్తకపోతే రేపు కులపెద్దల్లో పెడతాం. మాట తప్పిన గుంటని ఏ ఊరోడు సేసుకుంటాడో సూద్దాం."

కనక ధర్మ చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఎవురివే నువ్వు?"

"కనకని."

"కాదు. కనకని నాను!"

ఫోను మెల్లిగా, జాలిగా అడిగింది.

"మరి నువ్వెందుకు భయపడుతున్నావు?"

కనక కళ్లలో నీళ్లు తిరిగాయి. తను అనని మాటకు తన బతుకు తెల్లారిపోయేలా ఉంది. పైగా అవ్వ కూడా తనవైపు కాకుండా ఆ ఫోనువైపే చెవి పెట్టి కూర్చుంది.

ధర్మ ఆ కన్నీళ్లు చూశాడు. ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మావా, పెద్దలూ వద్దు, ఏటీ వద్దు. ఈ గుంట నాకు మాటియ్యలేదు. నన్ను ఇప్పుడే సూత్తంది." కనకవైపు తిరిగాడు. "తప్పైపోయింది. ఏటీ అనుకోకు."

అని, కుండ సంగతి కూడా మరిచి, మంచులోకి దిగి వెళ్లిపోయాడు. సోంబరు "ఒరే, ఆగరా!" అని అరిచి, వాడు ఆగకపోయేసరికి అవ్వతో వాదులాటకు దిగాడు.

మధ్యాహ్నమే అయినా మంచు ఒత్తుగా కమ్మేసి ఉంది. వాకిలి అవతలి సిల్వరోక్ చెట్లు కూడా ఆనడం లేదు. ఆ తెలుపులోంచి కనకకు తన గొంతే వినిపించింది, ధర్మ ఫోనును దారి అడిగినట్టున్నాడు.

"కుడివైపు దారైతే దగ్గర ధర్మా. కుడివైపు తిరుగు."

కుడివైపు దారి మొన్నటి వానలకు కొండచరియతో పాటు వాగులోకి జారిపోయింది. ఊళ్లో పసిపిల్లకు తెలుసు ఆ సంగతి. తెలీదు అనడం మాత్రం ఆ మిషనుకు తెలీదు. ఏదడిగినా చెప్పేస్తుంది.

ఆమె పరుగెత్తింది.

"ధర్మా! ఎడంపక్కకి రా!"

"ధర్మా, కుడివైపు," అంది మంచు.

"ధర్మా! అటెల్లకు!"

"భయం లేదు ధర్మా, వెళ్లు."

అడుగుల చప్పుడు ఆగింది. ఒకటే గొంతు రెండు దిక్కులకు పిలుస్తుంటే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? మూడోసారి పిలిచీ లాభం లేదు. మూడోసారి అదీ పలుకుతుంది కదా! మట్టిపెళ్ల ఒకటి విరిగి కిందెక్కడో వాగులో పడ్డ చప్పుడైంది. కనకకు భయం పోయి కోపం నషాళానికంటింది.

"ఒరే గాడిదకొడకా! కళ్లు దొబ్బేయా? ఇంకో అడుగేత్తే సస్తావురా! ఎనక్కి రా, ఎదవ గుంటడా!"

మంచు మాట్లాడలేదు.

కొంతసేపటికి ధర్మ వచ్చాడు. మొహం పాలిపోయింది. ఒక కాలి చెప్పు లేదు.

"ఎలగ పోల్చేవు?" అంది కనక ఆయాసపడుతూ.

"ఏడాది మాటాడేను దానితోటి. ఒక్కసారి తిట్టనేదు," అన్నాడు. అని, ప్రాణం పోయి వచ్చినవాడు నవ్వినట్టు నవ్వాడు. "ఇంకోసారి తిట్టవా?"

"సీ పో!" అంది కనక. కానీ వాడి చేయి పట్టుకునే ఎడమ దారిలో ఇంటికి తీసుకొచ్చింది. వాకిట్లోకి వచ్చాక గానీ ఆ చేయి ఇంకా పట్టుకునే ఉన్నానని ఆమె గమనించలేదు.

ఆ రోజు ధర్మ తన కుండ తనే పట్టుకుపోయాడు. కానీ వారం తిరిగేసరికి సంతలో అల్లం కుప్ప వెనకనుంచి తొంగిచూశాడు.

"సేసుకుంటావా?"

"కొత్త సెప్పులు కొనుక్కో ముందు."

పై వారం మళ్లీ వచ్చాడు. "సేసుకుంటావా?"

"ఆ మీసమేటి, ఉడతతోకలాగ!"

ఆ పై వారం మీసం లేదు. ఆరు సంతలు అడిగాడు. ఆరుసార్లూ ఆమె ఏదో వంక పెట్టి తిట్టింది. ఏడో సంతకు అతను బస్సు తప్పి రాకపోతే మాత్రం, చెప్పకేం, కనక ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు సోంబరును వెంటబెట్టుకుని, అదే కుండతో, ధర్మ గడప ముందు నిలబడ్డాడు. సన్నగా తుప్పర పడుతోంది. కుండ దించి నోరెత్తకుండా ఓ పక్కకు తప్పుకున్నాడు.

కనక ఆ కుండను చూసింది. అతన్ని చూసింది. వంగి, కుండ ఎత్తుకుని, లోపలికి తీసుకెళ్లి దేవుడి మూల పెట్టింది.

"వానకి తడిసిపోతందని పెట్టేను, అంతే," అంది బయటికొచ్చి. చెవులు మాత్రం కాఫీపళ్లలా ఎర్రబడ్డాయి.

"సరే అన్నదా?" అడిగింది అవ్వ, చెవి నిక్కించి.

"ఏటీ అన్నేదవ్వా," అన్నాడు ధర్మ. "ఎత్తుకెళ్లింది."

అవ్వ తడుముకుంటూ లోపలికెళ్లి, మూలనున్న కుండ మీద చేయి వేసి చూసింది. తర్వాత కనక తడి అరచేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది.

"ఇకమీదట గొంతు ఇనకూడదే తల్లీ," అంది. "కుండెత్తిన సేతులు సూడాల."

అప్పుడే అరుగు మీద పడేసిన సోంబరు ఫోను, ఎవరూ నొక్కకుండానే, కనక గొంతుతో మెల్లిగా అంది.

"సరే."

కాసేపాగి మళ్లీ అంది. మూడోసారి కూడా అంది.

ఆ ఇంట్లో నలుగురు మనుషులున్నారు. ఒక్కరూ పలకలేదు.