పసుపు పూసిన పైపు

ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాటే తిట్టు.

"ఏమప్పా, బోరింగు బాగుచేసేకి వచ్చినావా, నిద్రపోయేకి వచ్చినావా?"

నిద్ర కాదు. కండ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటాన్నా. యాడికి టౌను దగ్గర ఆ పల్లెలో బావులన్నీ ఎండి, మిగిలింది ఆ ఒక్క బోరింగే. కొత్త వాషరేసి పైపులన్నీ మళ్లా దించినాము. పైపును రెండు ఇనుప చెక్కల నడుమ పెట్టి బోల్టులు బిగిస్తే, ఆ క్లాంపే బోరు మూతి మీద కూర్చుని కిందుండే బరువంతా మోస్తాది. హ్యాండిల్‌కి బోల్టు తెస్తానని మా మేస్త్రీ యేసన్న యాడికి టౌనుకు పోయినాడు. పోతా పోతా, "పైనుండే సాకెట్ పగిలింది, తీసి కొత్తది ఎక్కించు మద్దిలేటీ" అనినాడు. సాకెట్ అంటే పైపు మూతికి మరతో ఎక్కించే లావు ఇనుప కట్టు.

అంటే నేనొక్కణ్ణే. చుట్టూ ఊరంతా బిందెలతో.

"పైపు జారితే ఏమైతాది?" అని అడిగింది ఆ పిల్ల. పేరు సుంకమ్మ అని వాళ్లూ వీళ్లూ పిలుస్తాంటే తెలిసింది.

"బోర్లో పడిపోతాది. ఇంక తీసేకి కాదు."

ఆ పిల్ల మొగం తెల్లబోయింది. "అయితే మళ్లా వంక ఇసుకలో నీళ్లకు చెలమలు తవ్వాల్సిందే. ఆడనే మా యమ్మకు పాము కరిసింది. బతికింది గానీ, ఆ దావ చూస్తేనే నా కాళ్లు వణుకుతాయి. జాగ్రత్తగా చెయ్యప్పా."

ఇంతసేపూ తిట్టిన గొంతు అట్లా మెత్తబడేసరికి నాకు ఒళ్లంతా చెమటలు పోసినాయి.

అంతటితో ఊరుకుందా? ఇంటికి పరిగెత్తి, నూనెలో కలిపిన పసుపు గిన్నెడు తెచ్చింది. "గంగమ్మ తల్లికి పూయకుండా దించితే నీళ్లిస్తాదా?" అని పైపు మూతి నుంచి క్లాంపు దాకా పూసేసింది. పక్కనున్న రెండో రెంచికి కూడా పూసి, బొట్టు పెట్టి దండం పెట్టుకునింది.

పైపుకు నూనె తగలనీయొద్దని మేస్త్రీ నాకు నేర్పించిన మొదటి పాఠం. చెప్దామని నోరు తెరిచినా. ఆ పిల్ల తలెత్తి చూసింది. పసుపు చేత్తో వెంట్రుకలు వెనక్కి తోసుకుంటే నుదుటి మీద గీత పడింది. నేను నోరు మూసుకున్నా.

రెంచి వేసి పగిలిన సాకెట్ తిప్పి తీసినా. ఆ కుదుపుకు నూనె క్లాంపులోకి దిగిందేమో, పైపు గర్రుమని బెత్తెడు కిందికి జారింది.

చేతిలో ఉన్న రెంచిని పైపుకు తగిలించి, దాని కాడ మీద బోర్లా పడినా. పైపు ఆగింది. ఆగీ ఆగనట్టు, మళ్లా ఇంచి జారింది.

"పట్టుకోండప్పా! రెండో రెంచి ఇంకో పక్క వేయండి!"

ఒక్క మగోడు కదల్లేదు. బసప్ప అనే ఆయన అయితే రెండడుగులు వెనక్కి పోయినాడు. "మా చేతిలో జారితే ఊరంతా మమ్మల్నే ఆడిపోసుకుంటాది" అనినాడు.

సుంకమ్మ బిందె పారేసి వచ్చి రెంచి ఎత్తింది. "ఎట్ల పట్టుకోవాల?"

"రెంచి పండ్లల్లో పసుపు ఇరుక్కుంది, గీకు. పైపుకు మట్టి రుద్దు. బిరీన!"

రవిక పిన్నీసు తీసి రెంచి పండ్లు గీకింది. గుప్పెడు మట్టి ఎత్తి పైపుకు రుద్దింది. నాకెదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెంచి తగిలించి, నా మాదిరే కాడ మీద వాలింది. జారడం నిలిచింది. మా ఇద్దరి నడుమా పైపే అడ్డం. ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు తిరుగుతాన్నాయి.

"నేనే కదా పూసింది. నా వల్లనే" అనింది.

"ఏడ్చొద్దు. చేతులు వదులైతాయి."

"ఇప్పుడేం చెయ్యాల?"

"కొత్త సాకెట్ ఎక్కిస్తే క్లాంపు మీద ఆగుతాది. ఎక్కించేకి మూడో మనిషి కావాల."

మూడో మనిషి వచ్చినాడు. కట్టె పట్టుకుని వచ్చినాడు. ఆ పిల్ల నాయన నరసింహప్ప!

"ఏయ్ సుంకీ! ఊరందరి ముందర ఎవుడో పిల్లోడి మొగంలో మొగం పెట్టి కూర్చున్నావే! వదులు!"

"వదిలితే నీళ్లు పోతాయి నాయనా!" గట్టిగా ఏడ్చేసింది. "అమ్మ మళ్లా వంకకు పోవాల! ఆ సాకెట్ తిప్పు నాయనా, నీ కాళ్లు మొక్కుతా!"

ఆయన కట్టె కింద పడింది. అంత మనిషి నా పక్కన కూలబడి, సాకెట్ తీసుకుని పైపుకు పెట్టినాడు. మొదటిసారి మర ఎక్కలేదు. రెండోసారి దుమ్ములో పడిపోయింది. నా రెంచి చెమట చేతుల్లో జారుతాండాది.

"కుడి పక్కకి తిప్పు మామా!" అని అరిచినా. ఆ 'మామా' ఎట్ల వచ్చిందో ఆ గంగమ్మ తల్లికే తెలియాల.

ఆయన ఒక్క చూపు చూసినాడు. చూసి, తిప్పినాడు. మర ఎక్కింది. సాకెట్ వచ్చి క్లాంపు మీద కూర్చునింది. ఇద్దరం రెంచీలు వదిలి ఆడనే దుమ్ములో వాలిపోయినాము.

సాయంత్రం యేసన్న వచ్చి హ్యాండిల్ బిగిస్తే నీళ్లు పడినాయి. మొదటి బిందె సుంకమ్మదే. నా దగ్గర నిలబడి మెల్లగా అడిగింది.

"నూనె పూయొద్దని నీకు తెలుసు కదా. యాల చెప్పలేదు?"

"భయమేసింది."

"దేనికి?"

"చెప్తే నువ్వు ఇంక నాతో మాట్లాడవని."

బిందె నిండి పొర్లుతాండాది. ఆ పిల్ల చూసుకోలేదు. వెనకనుంచి నరసింహప్ప దగ్గినాడు.

"ఏమిరా, నీకు పెండ్లయిందా?"

నాకన్నా ముందే యేసన్న చెప్పినాడు, "లేదన్నా, పిరికోడు గానీ మంచోడు" అని.

"పిరికోడైతే పట్టు వదలడులే" అనినాడాయన.

మా పెండ్లికి ముందు సుంకమ్మ వాళ్లింటి వాకిట్లో నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆడోళ్లు నూనె కలిపిన పసుపు చేతులకూ భుజాలకూ పూస్తాన్నారు. తాళి కట్టేటప్పుడు ఈ నూనె చేతుల్లో నుంచి యాడ జారిపోతాదో అని నాకు ఆపొద్దు మాదిరే చెమటలు పోసినాయి. పక్క పీట మీద సుంకమ్మ వంగి చూసింది.

"మళ్లా భయమేస్తాందా?"

"అవును."

ఎవరూ చూడకుండా పీట కింద నుంచి గుప్పెడు మట్టి తీసి నా అరచేతిలో పోసింది.

"రుద్దుకో. ఇంకో పక్క నేను పట్టుకుంటా."