కమాను కింద ఆమె

వరంగల్ ఖిల్లా దాటి పొలాల బాట పడితే పాత మసీదొకటి ఉండేది. మొగలాయి జమానాలో కట్టిందని చెప్పుకునేవాళ్లు. పొద్దుగూకితే బండ్లవాళ్లు సైతం ఆ బాట వదిలి చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ఎందుకని అడిగితే... "మంచిది కాదు" అనేవాళ్లు, అంతే.

అరవై ఒకటిలో, వరంగల్ పక్కనే సుబేదారిలో ఒక ఆఫీసులో నక్షలు గీసే జయరాజుకు ఆ మసీదు బొమ్మ గీసే పని పడింది. కొలతలు వారంలో అయిపోయాయి. అయినా ఆఫీసు విడవగానే సైకిల్ అటే తిప్పేవాడు.

అతని భార్య సువార్తమ్మకు నిద్ర కరువైంది.

కంచం ముందు కూర్చుని ఎటో చూసేవాడు. "ఆ వంపు... ఎంత నాజూకు" అని తనలో తనే గొణుక్కునేవాడు. ఎవరి వంపు? తను కొత్త రైక తొడుక్కుంటే కన్నెత్తి చూడలేదు. మూడు రోజులుగా ఆమె మాట్లాడటమే మానేసింది.

"చీకట్ల రాళ్లు చూసుకుంట కూసునే మొగోడు ఉంటడానే?" అంది పక్కింటి రాజక్క.

నాలుగో సాయంత్రం సువార్తమ్మ బయల్దేరింది. ఎవతో ఉంది... జుట్టు పట్టి ఈడ్చాల్సిందే.

మసీదు చేరేసరికి వెన్నెల పడుతోంది. మూడు కమానులు. అంచుల వెంట గచ్చుతో మలిచిన పూరేకులు, ఒక్కటీ విరగలేదు. పైన గుమ్మటం బరువే లేనట్టు నిలబడి ఉంది. ఆమె కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఇంత అందమా! ఆ రాళ్ల మీద కూడా కుళ్లు పుట్టింది ఆమెకు.

అప్పుడు వినిపించింది — భర్త గొంతు.

"జర అట్లనే నిలవడు... కొంగు ఒక్కటే మిగిలింది."

ఒళ్లు భగ్గుమంది. చప్పుడు కాకుండా వెనక నుంచి వెళ్లింది. లాంతరు పక్కన కూర్చుని, నడిమి కమాను వైపు చూస్తూ గీస్తున్నాడు.

"ఎవలతోని మాట్లాడుతానవ్?"

పెన్సిల్ ఆగిపోయింది. జయరాజు మెల్లగా వెనక్కి తిరిగాడు.

"నువ్వు... ఎనక ఉన్నవా?"

"ఇప్పుడే వచ్చిన."

"మరి మూడు దినాల సంది... ఆడ నిలవడ్డది నువ్వు గాదా?" "పిలిస్తే పలకకపోతివి. ఇంట్ల గూడ మాట్లాడవైతివి. అలిగి వస్తానవనుకున్న..."

ఇద్దరూ కమాను వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

కాగితం మీద మాత్రం ఒక స్త్రీ నిలబడి ఉంది. మొహం కప్పిన ముసుగు మడతలు, చేతి వేళ్లు — ఒక్కొక్క గీతా ఎంతో ఓపికగా గీశాడు.

లాంతరు ఆర్పి, సైకిల్ నడిపించుకుంటూ ఇద్దరూ ఖిల్లా దాకా వచ్చారు. ముందు ఆమే అంది, మెల్లగా —

"ఆమెను అంతసేపు చూసినవ్... నన్ను ఎన్నడన్న అట్ల చూసినవా?"

"నువ్వనుకునే గదనే చూసిన."

సువార్తమ్మ అతని చేయి గట్టిగా పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు... వెనక్కి మాత్రం చూడలేదు.