నాలుగు నుంచి అయిదు దాకా

"మీకు నలభై వేల మంది ఉన్నారు కదండీ, ఓ నాలుగొందల మందిని ఇటు పంపకూడదా?"

అతను ఆమెతో అన్న మొట్టమొదటి మాట అది. వాచీలు బాగుచేసే ఆ అమ్మాయి కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే తలెత్తింది.

"వాళ్ళేమైనా మా ఇంట్లో అద్దెకున్నారా, ఖాళీ చేయించి పంపడానికి?"

వెనక గోడగడియారం తుడుస్తున్న ఆమె తండ్రి, నవ్వు కనబడకుండా ఇంకాస్త గోడవైపు తిరిగాడు.

పాత వాచీలు విప్పి బిగించే ఆమె వీడియోలకు, లోకమంతా ఉన్న పెద్ద నెట్‌వర్క్‌లో నలభై వేల మంది ఫాలోయర్లు. అతనూ అతని స్నేహితుడూ కలిసి పెట్టిన 'గుమ్మం' అనే కొత్త నెట్‌వర్క్‌లో ఉన్నది ఆరొందల పన్నెండు మంది. నెలాఖరుకి వెయ్యి దాటకపోతే మూసేద్దామని స్నేహితుడు తేల్చేశాడు. ఇంకా ఇరవై మూడు రోజులుంది.

"మీ దాంట్లో కొత్తగా ఏముంది?"

"లైకులుండవు. ఎవరేం రాసినా జవాబు రాయాల్సిందే."

"బొటనవేలికి సెలవు, బుర్రకి పని! ఎవరొస్తారండీ? సంతంతా అక్కడుంటే మీరు ఊరవతల కొట్టు తెరిచారు."

"ఆ సంత కూడా ఒక్క కొట్టుతోనే మొదలైంది."

"అప్పటికి పక్కన ఇంకో సంత లేదు."

అతను ఫోన్ తెరను కిందికి లాగి వదిలాడు. ఆరొందల పన్నెండు. మళ్ళీ లాగాడు.

"లాగితే సాగడానికి అదేమైనా రబ్బరా, రిఫ్రెష్ గారూ?"

అలా ఆ కొట్లో అతని పేరు రిఫ్రెష్ అయింది.

మర్నాడూ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. నాలుగింటికి రావడం, అయిదింటికి లేవడం. కొట్లో ఉన్న ఒక్క స్టూలునీ తండ్రి అతనివైపు జరిపి, ఎందుకొచ్చావని అడగకుండా తన పని తాను చూసుకునేవాడు. కొన్ని దయలకు చప్పుడుండదు.

నాలుగో రోజున, జాలిపడో విసుగెత్తో, ఆమె గుమ్మంలో చేరింది. ఒక వాచీ ఫోటో పెట్టి రాసింది: "బాగుచేసి పన్నెండేళ్ళయింది. ఇంకా ఎవరూ తీసుకెళ్ళలేదు."

కొత్తవాళ్ళు తొలిసారి ఏం రాసినా 'స్వాగతం' అనే ఖాతా నుంచి జవాబు వస్తుంది. అది యంత్రమని అందరి నమ్మకం. నిజానికి ఆరొందల మందికీ రాసింది అతనే. మొదటి మాటకు బదులు రాకపోతే మనిషి రెండో మాట మాట్లాడడని అతని భయం.

"దానికి ఇంకా కీ ఇస్తుంటారా?" అని అడిగింది స్వాగతం.

"వారానికోసారి. వాళ్ళొచ్చేసరికి నడుస్తూ ఉండాలిగా."

ఆ తర్వాత ఆమె రోజూ స్వాగతానికి విడిగా రాసేది. అతను జవాబిచ్చేవాడు. పద్నాలుగో రోజున ఇలా వచ్చింది: "ఒకతను రోజూ వస్తాడు. వస్తే బాగుంటుంది. కానీ నా కోసం వస్తున్నాడో, నా నలభై వేల మంది కోసం వస్తున్నాడో తెలీదు. నువ్వు యంత్రానివి కాబట్టి చెబుతున్నా."

ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివాడు. జవాబు రాశాడు, చెరిపాడు. ఓ అంతస్తు దిగి మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు. చివరికి ఏమీ పంపలేదు. నాలుగింటికి కొట్టుకి మాత్రం వెళ్తూనే ఉన్నాడు.

నెలాఖరుకి రెండు రోజులుందనగా జోరున వాన. లెక్క ఆరొందల నలభై ఒకటి దగ్గర ఆగింది. తడిసి ముద్దయి వచ్చిన అతనికి తండ్రి పొడిగుడ్డ అందించాడు.

"ఈ సాయంత్రం మీ గుమ్మం మీద వీడియో చేస్తాను," అంది ఆమె.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట!

"వద్దండీ."

గడియారం తుడుస్తున్న తండ్రి చెయ్యి ఆగింది.

"వద్దా? ఎందుకూ?"

కారణం చెబితే గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఇంకో అబద్ధం.

"స్వాగతం యంత్రం కాదండీ, నేనే. మీరు రాసింది చదివి కూడా నోరు మెదపలేదు. తప్పే. ఇప్పుడు వీడియో చేస్తే మనుషులు వస్తారేమో గానీ మీ అనుమానం ఎన్నటికీ పోదు. నాకు ఆ వెయ్యి మంది కంటే…"

"ఊఁ, కంటే?"

"ఈ స్టూలు కావాలి."

ఆమె మొదటిసారి భూతద్దం తీసి అతన్ని చూసింది.

"పొద్దున రాసినా, మధ్యాహ్నం రాసినా స్వాగతం అయిదు నిమిషాల్లో పలుకుతుంది. నాలుగు నుంచి అయిదు దాకా మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. బల్ల కింద ఫోన్ పట్టుకుని ఓ మాట పంపి చూశాను, నీ జేబులో ఫోన్ బుర్రుమంది. మొదటి రోజు తెర లాగుతూ కూర్చున్న మనిషివి, ఆ తర్వాత ఇక్కడున్నంతసేపూ దాన్ని బయటికే తీయలేదు. ఏ గంట తేడాగా నడుస్తోందో పట్టుకోవడమే కదా నా పని!"

"అంటే… తెలిసే రాశావా?"

"నువ్వు చదవాలనే రాశాను. ఒప్పుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది, లేటు వాచీ!"

"మరి వీడియో?"

"సరేనంటే చేసేదాన్నే. చేసి, స్టూలు తీయించేసేదాన్ని."

అతనికి నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వచ్చింది. "ఎల్లుండి గుమ్మం మూసేస్తాడు మావాడు."

"వాడు మూస్తే నువ్వు తెరువు. సంతతో పోటీకి దిగితే సంతే గెలుస్తుంది. కానీ అక్కడ నలభై వేల మంది నా చేతులు చూశారు, కీ ఇస్తున్నావా అని ఒక్కరైనా అడిగారా? ఆరొందల మందితో గుమ్మం నడపడానికి మా వెనకగదిలో ఉన్న కంప్యూటర్ చాలదా?"

అతను ఆలోచించాడు. "చాలు."

అంతలో అతని జేబులో ఫోన్ బుర్రుమంది. తీసి చూశాడు: ఆరొందల నలభై రెండు. కొత్తగా చేరిన మనిషి రాసిన మొదటి మాట తెర మీద ఉంది:

"మా కొట్లో స్టూలు ఒక్కటే ఉంది. అబ్బాయి రోజూ వచ్చేట్టే ఉన్నాడు. ఇంకోటి చేయించమంటారా?"

తండ్రి గోడవైపు తిరిగి, తుడిచిన గడియారాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. చొక్కా జేబులో ఫోన్ వెలుగు ఇంకా ఆరలేదు. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"చూస్తావేం? మొదటి మాటకి బదులివ్వాలిగా," అంది ఆమె.

నాలుగుకీ అయిదుకీ మధ్య స్వాగతం జవాబు రాయడం అదే మొదటిసారి.